అంతర్జాలంలో తెలుగు సమాజం: పెంపకం, పోషణ

(పాఠశాల ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



తెలుగు రాష్ట్రాల ఎల్లలకు వెలుపల ఒక తెలుగు మాధ్యమ పాఠశాల 75 సంవత్సరాలు నిలిచి ఉండడం సామాన్యమైన విషయం కాదు. చుట్టూ వేరొక భాష. అంగడిలో, కార్యాలయంలో, న్యాయస్థానంలో వేరొక భాష. అయినా ఇంటి భాషలో ఓనమాలు దిద్దించాలని పట్టుబట్టిన తల్లిదండ్రులు, అరకొర వనరులతోనే ఆ పట్టుదలను నిలబెట్టిన ఉపాధ్యాయులు ఈ పాఠశాలకు పునాదిరాళ్ళు. ఆ పునాది మీద చదివి వెళ్ళినవారు నేడు దేశదేశాలలో ఉన్నారు. వారిని తిరిగి ఒక చోట చేర్చడం, చేరినవారిని చెదరకుండా నిలుపుకొనడం ఎట్లాగన్నది ఈ ప్రసంగ విషయం.

చేర్చడం నేడు సులభం. ఇటువంటి ఉత్సవాలు జరిగిన రాత్రికే పూర్వ విద్యార్థుల వాట్సాప్ బృందం ఒకటి వెలుస్తుంది. మొదటి వారం పాత ఛాయాచిత్రాలు, మాస్టార్ల జ్ఞాపకాలు, పేరు మరచిపోయిన సహాధ్యాయుల కోసం వెతుకులాట. రెండవ నెలలో శుభోదయం బొమ్మలు. ఆ తరువాత రాజకీయాల మీద ఒక వాదం, ఇద్దరు ముగ్గురి నిష్క్రమణ, మిగిలినవారి మౌనం. ఏడాది తిరిగేసరికి ఆ బృందంలో పేర్లు ఉంటాయి కాని పలుకు ఉండదు. ఇది ఏ ఒక్కరి తప్పూ కాదు. కలిసినవారికి కలిసి చేయవలసిన పని లేకపోవడమే దీనికి మూలకారణం. పని లేని కూటమి నిలువదు. పనిని పంచలేని కూటమి పెరుగదు. ఈ రెండు మాటలకు చక్కని దృష్టాంతం తెలుగువారి చేతిలోనే ఉన్నది.

ఆ దృష్టాంతానికి వంద సంవత్సరాల పూర్వరంగం కలదు. కొమర్రాజు వెంకట లక్ష్మణరావు 1877లో పెనుగంచిప్రోలులో జన్మించారు. చిన్నతనంలోనే తండ్రి మరణించగా అక్క భండారు అచ్చమాంబ అండన పెరిగి, నాగపూరులో చదువుకొన్నారు. మరాఠీలోనూ రచనలు చేసిన పండితుడాయన. తెలుగునాటికి వెలుపల చదివిన ఆ చదువే తెలుగులో ఏమేమి లేవో ఆయనకు చూపినదనవచ్చు. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయ స్థాపనలోను, 1906లో విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి స్థాపనలోను ఆయన ముందు నిలిచారు. చరిత్రను, విజ్ఞాన శాస్త్రాలను సామాన్యులకు తెలుగులో అందించడం ఆ మండలి ఆశయం. అటు పిమ్మట ఆయన తలపెట్టిన మహాకార్యం ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం. లోకంలోని సమస్త విషయాలనూ అకారాది క్రమంలో తెలుగువారి ముందుంచాలన్నది సంకల్పం. మూడు సంపుటాలు వెలువడి, అకారం దాటకముందే, 1923లో ఆయన మదరాసులో కన్నుమూశారు. అప్పటికి ఆయన వయస్సు 46 సంవత్సరాలు.

పాండిత్యానికి లోటు లేదు. శ్రద్ధకు లోటు లేదు. కాని ఒక వ్యక్తి ఆయుర్దాయం మీద ఆధారపడిన కార్యం ఆ వ్యక్తితోనే ఆగిపోయే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. ఆ కార్యాన్ని అనేకుల చేతులకు పంచగల సాధనం ఆ కాలానికి లేదు.

ఆ సాధనం ఎనిమిది దశాబ్దాల తరువాత వచ్చింది. 1990ల ఆరంభంలో కంప్యూటరుపై తెలుగు రాయడమే కష్టంగా ఉన్న దినాలలో, అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో ఉన్న తెలుగు యువకులు ఇంగ్లీషు అక్షరాలతో తెలుగును రాసే ఒక పద్ధతిని రూపొందించారు. 1998లో ‘ఈమాట’ అంతర్జాల పత్రిక ఆరంభమైంది. యూనికోడ్ లిపి సంకేతాలు వాడుకలోకి వచ్చిన పిమ్మట తెలుగు అక్షరం ఏ కంప్యూటరులోనైనా ఒకే విధంగా కనిపించే వీలు కలిగింది. 2003 డిసెంబరులో, వెన్న నాగార్జున చొరవతో, తెలుగు వికీపీడియా మొదలైంది. ఎవరైనా చదువగల, ఎవరైనా రాయగల, ఎవరైనా దిద్దగల స్వేచ్ఛా విజ్ఞాన సర్వస్వమిది. తొలి సంవత్సరాలలో దాదాపు నిద్రావస్థలో ఉండినది. తరువాత కొందరు చేరారు. వారు మరికొందరిని చేర్చారు. నేడు అందులోని వ్యాసాలు లక్షకు పైబడ్డాయి. రాసినవారికి జీతం లేదు; వ్యాసం కింద పేరు సైతం ఉండదు. అయినా రెండు దశాబ్దాలకు పైగా ఆ పని సాగుతూనే ఉన్నది. ఎందువలన సాగినదో విచారించడం ఈ పాఠశాల బంధువులకు ఉపయోగకరం.

మొదటి కారణం, గడప ఎత్తు తక్కువగా ఉండడం. విజ్ఞాన సర్వస్వం రాయమంటే ఎంతటివారికైనా జంకు కలుగుతుంది. అచ్చుతప్పు ఒకటి దిద్దమంటే ఏడవ తరగతి పిల్లవాడు సైతం ముందుకు వస్తాడు. అక్కడ అసంపూర్ణమైన చిన్న వ్యాసాన్ని ‘మొలక’ అంటారు. మొలక అన్న తరువాత నీరు పోయాలని ఎవరికైనా అనిపిస్తుంది. ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాల గ్రామాలకు అక్కడ విడివిడిగా పుటలు ఏర్పరచారు. వాటిలో అనేకం మొదట రెండు మూడు వాక్యాలకు మించినవి కావు. కాని తన ఊరి పేరు కనిపించిన మనిషి ఆ పుటను దాటి పోలేడు. చెరువు పేరు తప్పుగా ఉన్నదే అనుకొంటాడు, దిద్దుతాడు. గుడి ఛాయాచిత్రం లేదే అనుకొంటాడు. సెలవులకు ఊరికి వెళ్ళినప్పుడు తీసుకొని వస్తాడు. పెద్ద పనిని చిన్న ముక్కలు చేసి, ఎవరి శక్తికి తగిన ముక్కను వారి ముందు ఉంచడం సమాజ నిర్మాణంలో మొదటి మెట్టు.

రెండవ విషయం, అందరూ సమానంగా పని చేస్తారని ఆశించకపోవడం. అంతర్జాల కూటములలో నూటికి 90 మంది చదువరులుగానే ఉంటారని, 9 మంది అప్పుడప్పుడు పాల్గొంటారని, పనిలో అధిక భాగం ఒక్కరే చేస్తారని జేకబ్ నీల్సన్ 2006లో ఒక స్థూలమైన లెక్క చెప్పారు. సంఘాలు నడిపినవారికి ఇది కొత్త సంగతి కాదు. శ్రీరామనవమి పందిరికి చందా ఇచ్చేవారు వందలు. గుంజలు పాతేవారు నలుగురు. ఆ నలుగురు తక్కిన వందలమందిని నిందించడం మొదలుపెట్టిన నాడు ఉత్సవం చెడుతుంది. ఊరక చదివేవారు పనికిరానివారు కారు. వారి కోసమే పని జరుగుతున్నది. రేపటి కార్యకర్త వారిలో నుంచే రావాలి. నూటికి ఒకరిని ఇద్దరు చేయగలిగితే పని రెట్టింపవుతుంది. అందుకు తగిన ఉపాయం ఆదరణే.

ఆదరణ తప్పితే ఏమవుతుందో ఇంగ్లీషు వికీపీడియా చరిత్ర చెబుతున్నది. నెలకు అయిదు పర్యాయాలైనా దిద్దుబాటు చేసే క్రియాశీల సభ్యులు అక్కడ 2007లో 50 వేలకు పైగా ఉండగా, 2013 నాటికి సుమారు 30 వేలకు తగ్గారు. కారణాలను వెదకిన పరిశోధకులు 2013లో ప్రకటించిన విషయం ఆలోచింపదగినది. దుశ్చేష్టలను అడ్డుకొనడానికి ఏర్పరచుకొన్న యంత్ర సాధనాలు, నానాటికీ గట్టిపడిన నియమాలు, సదుద్దేశంతో వచ్చిన కొత్తవారిని కూడా తిప్పికొట్టాయి. మొదటి ప్రయత్నాన్నే తుడిచివేస్తే, ఎందుకు తుడిచారో చెప్పే దిక్కు లేకపోతే, ఆ మనిషి రెండవసారి రాడు. తప్పు రాసిన పిల్లవాని పలకను లాగి చెరిపివేసే గురువుకూ, చేయి పట్టి దిద్దించే గురువుకూ ఉన్న భేదమే ఇది. తెలుగు వికీపీడియాలో కొత్తగా చేరినవారికి స్వాగతం పలుకుతూ, ఎక్కడ ఏమి చేయవచ్చునో తెలిపే సందేశం ఉంచే ఆచారం ఉన్నది. ఆచారం చిన్నదే, కాని ఎవరో చూస్తున్నారన్న భావం కొత్తవారిని రెండవసారి రప్పిస్తుంది.

మూడవది నియమం. ఆదరణ ఉన్నంత మాత్రాన క్రమశిక్షణ అక్కరలేదని కాదు. ఈ విషయంలో తెలుగు రైతులు ప్రపంచానికి పాఠం చెప్పిన సంగతి చాలామందికి తెలియదు. రాబర్ట్ వేడ్ అనే పరిశోధకుడు కర్నూలు జిల్లాలో కాలువ కింది గ్రామాలను పరిశీలించి 1988లో ఒక గ్రంథం ప్రకటించారు. కొన్ని గ్రామాలలో రైతులు, ప్రభుత్వం ఆదేశించకుండానే, ఉమ్మడి నిధి ఏర్పరచుకొన్నారు. నీరు పారించడానికి, పొలాలు కాయడానికి ఉమ్మడిగా మనుషులను పెట్టుకొన్నారు. ఆ చుట్టుపక్కలే ఉన్న మరికొన్ని గ్రామాలలో ఇటువంటి ఏర్పాటు ఏదీ లేదు. భేదం మనుషుల మంచితనంలో లేదు. కాలువ తలాపున ఉన్న ఊరికి నీరు దానంతటదే వస్తుంది; కూడి పని చేయవలసిన అగత్యం తక్కువ. కాలువ చివర ఉన్న ఊరికి నీరు అందుతుందో అందదో తెలియదు. కట్టు లేకపోతే పంట లేదు. నష్టభయం ఉన్నచోటనే ఉమ్మడి ఏర్పాటు బలపడింది.

ఇటువంటి అధ్యయనాలను అనేక దేశాల నుంచి సమీకరించి ఎలినోర్ ఆస్ట్రమ్ 1990లో ఉమ్మడి వనరుల నిర్వహణపై గ్రంథం రాశారు. 2009లో ఆమెకు అర్థశాస్త్రంలో నోబెల్ బహుమానం లభించింది. ఆమె చూపిన సూత్రాలు అంతర్జాల కూటమికీ వర్తిస్తాయి. ఎవరు సభ్యులో, ఏది ఉమ్మడి సొత్తో స్పష్టంగా ఉండాలి. నియమాలకు లోబడేవారికి వాటి నిర్మాణంలో పాలు ఉండాలి. తప్పు చేసినవారికి తొలి దండన స్వల్పంగా ఉండి, క్రమంగా పెరగాలి. తగవు తీర్చుకొనే చోటు దగ్గరలో ఉండాలి. తెలుగు వికీపీడియాలో అటువంటి చర్చావేదికకు ‘రచ్చబండ’ అని పేరు పెట్టుకొన్నారు. పేరు ఊరిదే; ధర్మమూ ఊరిదే. ఎవరి మాటైనా అక్కడ అందరి ఎదుట నడుస్తుంది. చాటుమాటు నిర్ణయాలతో చీలిన సంఘాలను ఎరిగినవారికి ఈ బహిరంగత విలువ వేరుగా చెప్పనక్కరలేదు.

నాలుగవ విషయం సంఖ్యా వ్యామోహం. 2009 ప్రాంతంలో ఒక పెద్ద సంస్థ పలు భారతీయ భాషల వికీపీడియాలలో అనువాద వ్యాసాలను పెద్దయెత్తున చేర్పించింది. కూలికి చేయించిన ఆ అనువాదాలలో చాలావాటికి యంత్రం సాయం ఉన్నది. వ్యాసాల సంఖ్య పెరిగింది. కాని వాక్యం తెలుగు వాక్యంగా లేని పుటలు అనేకం వచ్చి పడ్డాయి. రాసినవారు పని ముగియగానే వెళ్ళిపోయారు. దిద్దవలసిన భారం అంతకు ముందునుంచి ఉన్న కొద్దిమంది మీద పడింది. పుటలు పెరిగినవి కాని మనుషులు పెరుగలేదు. నేడు యంత్రం అంతకంటె వేగంగా, అంతకంటె నున్నగా రాయగలదు. అందుచేత ఈ ప్రమాదం తగ్గలేదు, పెరిగింది. సమాజపు బలాన్ని కొలవడానికి మంచి కొలమానం ఒకటున్నది: గత సంవత్సరం కొత్తగా వచ్చినవారిలో ఈ సంవత్సరం ఎందరు మిగిలారు?

అయిదవది, ముఖాముఖి. తెరమీద పరిచయమైనవారు ఏడాదికొకసారైనా ఒక గదిలో కూర్చుంటే అపార్థాలు సగం తొలగుతాయి. 2014 ఫిబ్రవరిలో తెలుగు వికీపీడియా దశాబ్ది ఉత్సవాలు విజయవాడలో జరిగాయి. నిలకడగా కృషి చేసినవారికి కొమర్రాజు లక్ష్మణరావు పేరిట ఒక పురస్కారాన్ని కూడా ఈ సమాజం ఏర్పరచుకొన్నది. అకారం దాటకముందే ఆగిన గ్రంథకర్త పేరు, ఆయన పని కొనసాగించినవారికి బహుమతి అయింది. గుర్తింపు అంటే ధనం కాదు. చేసిన పనిని ఎవరో పేరు పెట్టి ప్రస్తావించడం.

ఇక ఈ పాఠశాల సంగతి. కర్నూలు జిల్లా కాలువల మాట ఇక్కడ మళ్ళీ గుర్తుకు తెచ్చుకొనదగినది. కర్ణాటక, తమిళనాడు, ఒడిశా, మహారాష్ట్రలలోని తెలుగువారు, యానాంవారు తెలుగు కాలువకు చివరి ఊళ్ళవారు. తలాపు ఊళ్ళలో పాఠ్యపుస్తకం, పత్రిక, ప్రభుత్వ ఉత్తరువు తెలుగులో వాటంతటవే వస్తాయి. ఇక్కడ ఏదీ దానంతటది రాదు. తమిళనాడులో 2006 చట్టం తరువాత తెలుగు మాధ్యమ విద్యార్థుల తల్లిదండ్రులు పడిన ఆందోళన ఇందుకు ఒక నిదర్శనం. కనుక కూడి పని చేయవలసిన అగత్యం ఇక్కడివారికే ఎక్కువ. చివరి ఊరి రైతులు కాలువను తిట్టుకొంటూ కూర్చోలేదు. నీరు పారించే మనిషిని నియమించుకొన్నారు. పాఠశాల సమాజం కూడా అటువంటి మనుషులను నియమించుకొనవలసి ఉన్నది.

పనికి కొదవ లేదు. మొదటిది, పాఠశాల గ్రంథాలయంలోని పాత పుస్తకాలు. భారతీయ చట్టం ప్రకారం, రచయిత మరణించిన మరుసటి సంవత్సరం మొదలుకొని 60 సంవత్సరాలు గడిస్తే ఆ రచన ప్రజల సొత్తవుతుంది. అటువంటి గ్రంథాలను పుట పుటగా అక్షరీకరించి దిద్దే తెలుగు వికీసోర్స్ ఉన్నది. పుస్తకాన్ని వంద పుటలుగా విడదీస్తే వందమందికి తలా ఒక పుట వస్తుంది. బొంబాయిలో ఉన్నవారు ఒక పుట, బెంగుళూరులో ఉన్నవారు మరొక పుట దిద్దవచ్చు. తొమ్మిదవ తరగతి విద్యార్థికి ఇంతకంటె మంచి చూచిరాత పాఠం లేదు.

రెండవది, ఇక్కడి తెలుగువారి చరిత్ర. మగ్గం పట్టుకొని వచ్చినవారు, సైన్యంతో వచ్చినవారు, రైలు పనులకు వచ్చినవారు, వ్యాపారానికి వచ్చినవారు ఏ వీధిలో స్థిరపడ్డారు, ఏ గుడి కట్టుకొన్నారు, ఏ మాటను పక్క భాష నుంచి తమ తెలుగులోకి తెచ్చుకొన్నారు అన్న విషయాలు హైదరాబాదులోనో విజయవాడలోనో కూర్చున్నవారికి తెలియవు. అవ్వ నోట నిలిచిన మంగళహారతి, ఇక్కడి తెలుగులో తప్ప మరెక్కడా వినిపించని వంటింటి పదం, పెళ్ళిపందిట్లో పాటించే ఆచారం, ఈ తరం రాసి ఉంచకపోతే తరువాతి తరానికి వెదకినా దొరకవు. విజ్ఞాన సర్వస్వంలో చేర్చాలంటే అచ్చయిన ఆధారం కావాలి. నోటి మాట చాలదు. అందుచేత ముందు ఈ సంచిక వంటి సంచికలలో పెద్దలు వివరంగా, సంవత్సరాలతో సహా రాయాలి. ఈ రోజు అచ్చయిన పుట రేపటి ఆధారం.

మూడవది, ఏర్పాటు. ఒక పెద్ద సంఘం, పొడవైన నియమావళి మొదట అక్కరలేదు. నెలకొక ఆదివారం రెండు గంటలు పాఠశాల కంప్యూటరు గది తెరచి ఉంచాలి. తెలుగు టైపు చేయడం నేర్పే పూర్వ విద్యార్థి ఒకరు, కొత్తవారిని పలకరించే మనిషి ఒకరు, జరిగిన పనిని నెలకొకసారి అందరికీ తెలిపే మనిషి ఒకరు ఉండాలి. ఈ ముగ్గురూ ఏడాదికొకసారి మారాలి. మారేవారు తమ తరువాతివారికి ముందే నేర్పి పోవాలి. దూరంలో ఉన్నవారు అదే రెండు గంటలు తమ ఇంటినుంచి పాల్గొనవచ్చు. పిల్లల పేర్లు, ముఖచిత్రాలు, చిరునామాలు అంతర్జాలంలో పెట్టకూడదన్న కట్టు మొదటి రోజే విధించుకొనాలి. తల్లిదండ్రుల సమ్మతి లేనిదే పిల్లలను ఈ పనిలో చేర్చరాదు. నమ్మకం ఒకసారి పోతే ఏ సమాజమూ దానిని తిరిగి సంపాదించుకొనలేదు.

ఈ పని వల్ల తెలుగు మాధ్యమపు కష్టాలన్నీ తీరుతాయని చెప్పడం సత్యం కాదు. తరగతిలో పిల్లలు తగ్గుతున్న చోట ఒక ఆదివారపు కూటమి వారిని తిరిగి తీసుకొనిరాలేదు. కాని తెలుగు చదివి ఏమి చేయాలి అని అడిగే పిల్లవానికి ఈ కూటమి ఒక సమాధానం చూపగలదు. అతడు దిద్దిన పుటను ఎక్కడో ఉన్న మరొక తెలుగువాడు ఆ సాయంత్రమే చదువుతాడు. పరీక్షలో వచ్చే మార్కుకు ఇటువంటి శక్తి లేదు.

రేపు పందిరి విప్పుతారు. దండలు వాడుతాయి. వచ్చినవారు రైళ్ళెక్కి వెళ్తారు. ఈ ఉత్సవం ఫలించినదో లేదో చెప్పగలిగేది ఈ రోజు సభకు వచ్చినవారి సంఖ్య కాదు. వచ్చే నెల మొదటి ఆదివారం కంప్యూటరు గది తలుపు తెరిచినప్పుడు లోపలికి వచ్చేవారి సంఖ్య. అయిదుగురు వచ్చినా చాలు. ఆ అయిదుగురిలో ఒక్కరు కొత్తవారైతే, ఆ కొత్తవారిని పేరు పెట్టి పిలిచి పక్కన కూర్చోబెట్టుకొనేవారు ఒకరుంటే, ఈ పాఠశాల శతాబ్ది ఉత్సవానికి కావలసిన మనుషులు ఆ గదిలోనే తయారవుతారు.

స్వస్తి.